సగం దగ్గరే నిలబడ్డ ముల్లు

ఏమండీ,

మన ఇల్లు-బస్సు కింద వాడిన నీళ్లు చేరే ట్యాంకును పొద్దున నేనే ఖాళీ చేశాను. అయినా మీటరు ముల్లు సగం దగ్గరే నిలబడి ఉంది. ట్యాంకు లోపల నీటిమట్టం కొలిచే కడ్డీలకు సబ్బు జిడ్డు పట్టి అబద్ధం చెబుతోంది. మూతి సన్నగా ఉన్న ఫ్లాస్కులో బియ్యం వేసి ఆడించి కడుగుతాం కదా, దీన్నీ అలాగే కడగాలి. బస్సులోని స్నానాల గది తూములోంచి ఐసుముక్కలు, కాస్త సబ్బుపొడి, రెండు బిందెల నీళ్లు పోశాను. ఆడించడం మీ పని. అంటే బస్సు నడపాలి.

పాత బస్సును ముచ్చటపడి ఇల్లుగా మార్చారు. ముల్లు బాగయ్యేదాకా ప్రయాణం లేదంటూ మూడేళ్లుగా పెరట్లోనే ఉంచారు. మధ్యాహ్నాలు నేను అందులో పడుకుంటానని మీకు తెలియదు. రోడ్డు మీద లారీ పోతే పరదా ఊగుతుంది. కళ్లు మూసుకుంటే చెట్లు వెనక్కి పోతుంటాయి, ఎక్కడినుంచో సముద్రం వాసన వస్తుంది. తెరిస్తే మన ప్రహరీగోడే.

ఐసు తెచ్చిన ఘియాసుద్దీన్ "గీ ఇల్లు ఇగ కదుల్తదా అక్కా?" అని అడిగాడు. కదులుతుందని చెప్పేశాను.

ఐసు కరిగేలోగా బయల్దేరండి. నేను షాద్‌నగర్ బస్టాండులో కూర్చుని ఉంటాను. ట్యాంకు ఖాళీ చేశాక ముల్లు ఇద్దరం కలిసి చూద్దాం. అది సున్నాకు రాకపోయినా వెనక్కి తిరిగేది లేదు.

కాత్యాయని

అన్నట్టు, బస్సు తాళంచెవి సీటు మీద పెట్టాను. ఇంటి తాళంచెవి, మీ భోజనం క్యారియరు నా దగ్గరే ఉన్నాయి.