ఆంటీ తాగిన రాగిజావ

ముఖర్జీ నగర్, ఢిల్లీ

అమ్మకు, నేను క్షేమం. ఫోనులో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను.

నువ్వు నెలనెలా పంపిన రాగిపిండితో నేను ఒక్కరోజూ జావ కాచుకోలేదు. తాగుతున్నానని అబద్ధం చెప్పాను. పిండంతా ఇంటి ఓనరు కమలేశ్ ఆంటీకి ఇచ్చేసి, కోచింగ్ సెంటర్ పక్కన నూనె ఓడే ఛోలే భటూరే తిన్నాను. నిన్న పుస్తకాల సంచితో మా నాలుగో అంతస్తు ఎక్కలేక మెట్లమీద కూలబడ్డాను. అరవై ఏళ్ల ఆంటీ ఆ సంచి తన భుజాన వేసుకుని, "ఆజా బేటా", రా నాయనా అంటూ ముందు నడిచింది. తలెత్తలేకపోయాను.

నాన్న ఉప్పు తగ్గించారా? అడిగే ముఖం లేదు, అయినా రాయి. ఈసారి పిండి రెండు పొట్లాలు పంపు, ఒకటి ఆంటీకి.

జావ తాగినప్పుడల్లా నువ్వు చల్లగా ఉండాలని ఆంటీ కోరుకుంటుందట. ఈ మాట మాత్రం నిజం.

నవదీప్