ఈరోజు ఏదీ చేతికి అందించలేదు

మామా,

వేంపల్లెలో మా చెల్లెలు సుజాత ఇంటికి పోతున్నా, సాయంత్రానికి వస్తా. ఉప్మా రవ్వ యాడుందో చెప్పను, వెతుక్కొని చేసుకో. బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో నీకు తెలుసు. అంగడికి బండి మీద కాదు, నడిచి పో. ఏమేం తేవాలో రాసిపెట్టలేదు, గుర్తు చేసుకొని తే. టీవీ ముందర కూర్చోకుండా పక్కింటి యోబన్నతో పులిజూదం ఆడు.

నీ మీద కోపంతో కాదు, నిన్న తగిలిన దెబ్బతో రాస్తున్నా. మతిమరుపు ఎక్కువైందని నిన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయినా కదా. డాక్టరమ్మ నిన్ను అడిగిన ప్రతి మాటకూ నేనే జవాబు చెప్పినా. చివరికి ఆమె, "నువ్వు కాసేపు బయట కూచోమ్మా. అన్నీ నువ్వే చెప్తాంటే ఆయన తలకాయకు పనేముంటాది?" అనింది.

తలుపు పక్కన నిలబడి విన్నా. మన పెళ్లి తేదీ చెప్పినావు. ఆరోజు చర్చిలో పాడిన కీర్తన నంబరుతో సహా చెప్పినావు. ఆ కీర్తన ఏదో నాకే గుర్తులేదు మామా. ఇన్నేండ్లూ ప్రతి ఆదివారం నీ పాటల పుస్తకంలో పేజీ తీసిచ్చింది నేను.

తబితా

నా సెల్లు ఇంట్లోనే పెట్టిపోతున్నా. పన్నెండు గంటలకు సుజాత ఫోన్ నుంచి, ఎవరినీ అడగకుండా, ఫోన్లో వెతక్కుండా నీ నంబరు గుర్తు చేసుకొని కొడతా. మోగకపోతే కంగారుపడొద్దు. మరిచిపోయింది నేనని తెలుసుకో.