బ్రెడ్డుకి పట్టిన పెట్రోలు వాసన

నవంబరు 9, ఆదివారం

పూజ్యులైన అత్తయ్య గారికి,

మీ కోడలు నమస్కరించి, కాస్త భయపడుతూనే రాస్తున్నది. అక్కడ మీరూ, వదిన గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మాకు తిండికీ నిద్రకీ లోటు లేదు గానీ, అందరం క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ మోకాళ్ళ నొప్పుల తైలం కిటికీలోనే మరిచిపోయి వెళ్ళారు. వదిన గారింట్లో మెట్లెక్కలేక ఎంత అవస్థ పడుతున్నారో!

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మీ ముక్కు తప్పు చెప్పలేదు. మన బేకరీ బ్రెడ్డులో పెట్రోలు వాసన రావడం నిజమే.

నిన్న మీ అబ్బాయి మన పాత పికప్ బండిని పొగ పరీక్షకి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి బానెట్ ఎత్తి చూసి, ఇక్కడ ఉండాల్సిన నల్ల డబ్బా ఏదండీ అని అడిగారు. ట్యాంకులోంచి లేచే పెట్రోలు ఆవిరిని పట్టుకుని మళ్ళీ ఇంజనుకి పంపించే డబ్బా అట అది. లోపలంతా బొగ్గేనట. మీ అబ్బాయి మహా ధీమాగా, వెనక ట్రేల దగ్గర లైటు కోసం రెండో బ్యాటరీ పెట్టాలంటే చోటు చాల్లేదండీ, అందుకని దాన్ని వెనక్కి మార్పించాం అన్నారు. ఆ అధికారి వెనక తలుపు తీసి, ట్రేల వెనక మూలన బిగించిన డబ్బాని చూసి, చటుక్కున ముక్కు మూసుకున్నారు. ఇందులో ఏం మోస్తారండీ అని అడిగారు. బ్రెడ్డూ బన్నులూ అని నేనే చెప్పాను. బండి పరీక్షలో తప్పింది.

డబ్బా మార్చింది మా తమ్ముడే కదా. గొట్టం ఇంజను దాకా అందక, ఆ చివర మూసేసి ఊరుకున్నాడట. బొగ్గు పీల్చినంత పీల్చుకుని, మిగిలిన ఆవిరంతా ట్రేల మధ్యకే వదిలింది. ఎండలో నిలబెడితే మరీనట. పొద్దున ఓవెన్ దగ్గర లేని వాసన, సాయంత్రం అమ్ముడుపోక తిరిగొచ్చిన బ్రెడ్డులో ఎందుకుండేదో ఇప్పుడు తెలిసింది. ఫోనులో చెడామడా తిడితే మావాడు కుక్కిన పేనులా విని, బండి బాగానే నడుస్తోంది కదక్కా అన్నాడు. అంత కోపంలోనూ నవ్వొచ్చింది. ఇవాళ పొద్దున్నే వచ్చి, డబ్బాని దాని చోట పెట్టి, కొత్త గొట్టం వేసి వెళ్ళాడు. లైటూ లేదు, రెండో బ్యాటరీ లేదు. వెనకంతా నేను సబ్బు నీళ్ళతో తోమి ఆరబెట్టాను.

మీ అబ్బాయి నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని, టీ కొట్టాయన ట్రే వెనక్కి తెచ్చిన రోజున, పెట్రోలు వాసనొస్తోందంటే, అందరి ముందూ అమ్మ ముక్కు ముసలిదైపోయిందని అన్నాను కదా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మామయ్య గారి రోజుల నుంచీ ఓవెన్‌లోంచి వచ్చిన మొదటి బన్ను రుచి చూసేది మీరు. మర్నాడు మీ అబ్బాయి దాన్ని నా చేతిలో పెట్టారు. నేనూ వద్దనలేదు. మీరు గుమ్మంలో నిలబడి చూశారని తెలిసి కూడా తిన్నాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ రోజు సాయంత్రమే మీరు బ్రెడ్డు ముక్క తుంచి, నువ్వైనా చూడమ్మా అని నాకిచ్చారు. మొత్తం తిని, నాకేం తెలియడం లేదత్తయ్యా అన్నాను. నా ముక్కు మీ ముక్కంత చురుకైనది కాదు. క్షమించండి.

వచ్చే ఆదివారం మీ అబ్బాయి బండి తీసుకుని వస్తారు. మొదటి బన్ను ఇక ఎప్పటికీ మీదే. వదిన గారిని అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ కోడలు

తా.క.: పైన ఒక అబద్ధం రాశాను. కొట్టేసి వేరే రాద్దామనుకున్నాను గానీ, మీరు దాన్ని కూడా చూడాలి. ఆ ముక్క నోటి దాకా రాకముందే నాకు వాసన తగిలింది. బండి పని మా తమ్ముడికే ఇవ్వమని మీ అబ్బాయిని పోరింది నేను. వాడు పని చేసి వారం తిరక్కుండానే వాసన పట్టుకున్నాను. ఔనంటే మా పుట్టింటి వాళ్ళ మీద మాట పడుతుందని, మీరు నా మొహంలోకే చూస్తుంటే నవ్వుతూ నమిలి మింగేశాను. మీరు వెంటనే లోపలికి వెళ్ళి వదిన గారింటికని పెట్టె సర్దుకున్నారు. మర్నాడు బడి క్యాంటీనుకి వెళ్ళే ట్రేలు కూడా నా చేత్తోనే బండిలోకి ఎక్కించాను. మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు, బండి తీసుకుని బయల్దేరేలోగా చెప్తాను. ఇది చదివాక కూడా ఆదివారం బండెక్కుతారా అత్తయ్యా?