పీటరు మీద పితూరీ

లువో టీచరమ్మ గారికి,

మీ క్లాసులో చదువుతున్న ఔయాంగ్ పేయ్ తాతను, స్టేషను గూడ్సు షెడ్డులో కాపలా చేసి రిటైరైన ఔయాంగ్ దెగుయ్‌ని, నమస్కరించి రాస్తున్నాను. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను.

పిల్ల అమ్మానాన్నలు గ్వాంగ్‌జౌలో చెప్పుల ఫ్యాక్టరీలో ఉన్నారు. జూలైలో కాలేజీ సీటుకి రాసే పెద్ద పరీక్ష అయ్యేదాకా పిల్లకి వండిపెట్టే పనీ, కనిపెట్టి ఉండే పనీ నావే. వంట అంతంతమాత్రం గానీ కనిపెట్టడంలో నాకు సాటి లేరు. జీవితమంతా గూడ్సు పెట్టెల సీళ్ళు చూసినవాణ్ణి. ఊడదీసి మళ్ళీ అతికిస్తే వాసన పట్టేస్తాను.

రోజూ తెల్లారగానే మా పిల్ల కిటికీ దగ్గర నిలబడి 'అబాండన్, అబాండన్' అని జపం చేస్తోంది. మందుల షాపు జియాన్‌కి విదేశీ మందుల డబ్బాల మీది రాత చదవడం వచ్చు. వెళ్ళి అడిగాను. "ఉన్నవాళ్ళని వదిలేసి పోవడం అన్నమాట, పెద్దన్నా" అన్నాడు. ఇంటికొచ్చి పుస్తకాల సంచీ వెతికాను. ఒక కాగితం మీద వరసగా ఏ, సీ, బీ, డీ, మళ్ళీ ఏ, బీ, బీ, సీ. సంకేత భాష ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాని కింద ఉత్తరాలు! ఒకటి కాదు, కట్ట! జియాన్ చేత చదివించాను. అన్నిటికీ మొదట 'ప్రియమైన పీటర్', అన్నిటికీ చివర 'నీ జవాబు కోసం ఎదురుచూస్తూ'. సంతకం మాత్రం మా పిల్లది కాదు. లీ హువా అట! ఇంటిపేరు కూడా మార్చేసుకుంది!

ఈ పీటర్ ఎవడు? చదువుకునే వయసులో ప్రేమలు పనికిరావని మీ స్కూలు గోడ మీదే ఎర్రక్షరాలతో రాసి ఉంది కదా. నాకు సరైన జవాబు రాకపోతే పిల్లని బడి మాన్పించి, లియుయాంగ్‌లో వాళ్ళ మేనత్త కుట్టు షాపులో కూర్చోబెడతాను. పరీక్షా వద్దు, పీటరూ వద్దు.

ఇట్లు,
రెండు కళ్ళూ తెరుచుకునే ఉన్న
ఔయాంగ్ దెగుయ్

తా.క. ఈ ఉత్తరం పిల్ల చేతికే ఇచ్చి పంపుతున్నాను. గంజితో అతికించి, అతుకు మీద నా తల వెంట్రుక ఒకటి పెట్టాను. అది కనపడకపోతే చెప్పండి. ఉన్నవే కొన్ని, లెక్క ఉండాలి.

*

గౌరవనీయులైన ఔయాంగ్ తాతగారికి,

లువో శూచిన్ నమస్కారాలు. వెంట్రుక క్షేమంగా చేరింది.

మీరు అనవసరంగా బెంగపడుతున్నారు. పేయ్ బంగారం లాంటి పిల్ల. ఇంగ్లీషు అంత బాగా రాసేవాళ్ళు మా క్లాసులో ఇంకొకరు లేరు. 'అబాండన్' అన్నది పదాల పుస్తకంలో మొట్టమొదటి పదం. పిల్లలు నెలకోసారి బుద్ధి తెచ్చుకుని మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెడతారు. అందుకే వెనక పేజీలు ఎవరికీ రావు, ఆ పదం మాత్రం అందరికీ వస్తుంది. ఏ, బీ, సీ, డీలు సంకేతాలు కావు. ఒక కథ ఇచ్చి, కింద ప్రశ్నలడిగి, నాలుగు జవాబుల్లో సరైనదాన్ని ఎంచుకోమంటారు. పేయ్ ఎంచుకున్నవే అవి.

ఇక లీ హువా సంగతి. పరీక్షలో అసలు పేరు రాయకూడదు. ఎవరి కాగితమో దిద్దేవాళ్ళకి తెలియకూడదు కదా. 'నువ్వు లీ హువావి అనుకో, నీ విదేశీ స్నేహితుడు పీటర్‌కి ఉత్తరం రాయి' అని ప్రశ్న వస్తుంది. ఆ పూటకి పరీక్ష రాసే ప్రతి పిల్లా లీ హువాయే, ప్రతి పిల్లాడూ లీ హువాయే. పీటర్ అనేవాడు పుట్టనే లేదు. దయచేసి పేయ్‌ని బడి మాన్పించే మాట అనకండి. ఆ పిల్ల పరీక్ష రాయకపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మీ మనవరాలి మేలు కోరే
లువో శూచిన్

తా.క. గంజి కొంచెం తగ్గించండి. కవరు విప్పుతుంటే మీ ఉత్తరంలో ఒక పేరా చిరిగిపోయింది. అందులో నన్ను తిట్టి ఉంటే శ్రమ అనుకోకుండా మళ్ళీ రాయండి.

*

లువో టీచరమ్మ గారికి,

తిట్టలేదు. ఆ పేరాలో మీ అమ్మానాన్నల ఆరోగ్యం అడిగాను. ఇప్పుడు అడగను.

ఒక ఆడపిల్ల రాస్తే తప్పు, ఊరు ఊరంతా ఒకే మగాడికి రాస్తే చదువా? సరే, చదువే అనుకుందాం. కింది వాటాలో క్వాంగ్ మనవడు పక్క సెక్షన్‌లో ఉన్నాడు. వాడి కాగితాలు కూడా తెప్పించి జియాన్ ముందు పెట్టాను. అక్కడి పీటర్ బుద్ధిమంతుడు. కాగితంతో బొమ్మలు కత్తిరించడం ఎలా, లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారు, ఇవీ వాడి గొడవలు.

మరి మీ సెక్షన్ పీటరో? పెద్దవాళ్ళని చూడ్డానికి వెళితే ఏం పట్టుకెళ్ళాలి అని అడిగాడు. సారా సీసాలు జతగా తెమ్మనీ, మంచి టీ తెమ్మనీ, గడియారం మాత్రం తేవద్దనీ, అది ఇస్తే చావు కోరినట్టనీ మా పిల్ల రాసింది. తర్వాత, కారం తినలేనివాడు కారానికి పేరుపడ్డ మన హునాన్ ఇంట్లో పరువు దక్కించుకోవడం ఎలా అన్నాడు. అడిగినవన్నీ అల్లుడి ప్రశ్నలే! మొన్నటి కాగితంలో ఏకంగా బయల్దేరి వచ్చేస్తున్నాడు. శనివారం పొద్దుటి రైలు. దక్షిణ ద్వారం దగ్గర పసుపు గొడుగు పట్టుకుని నిలబడతానని మా పిల్ల మాటిచ్చింది. పుట్టనివాడికి రైలు టిక్కెట్టు ఎవరిచ్చారు టీచరమ్మా?

ఇట్లు,
ఇంకా నమ్మని
ఔయాంగ్ దెగుయ్

తా.క. ఇన్ని ఉత్తరాలకి ఆ పీటర్ ఒక్క జవాబైనా రాశాడా అని జియాన్ అడగమన్నాడు. రాయకపోతే మర్యాద తెలియనివాడు. రాసి ఉంటే మర్యాద మీరినవాడు. రెండిట్లో ఏదో చెప్పండి.

*

గౌరవనీయులైన తాతగారికి,

లువో శూచిన్ నమస్కారాలు. మా అమ్మానాన్నలు బాగున్నారు. అడక్కపోయినా చెబుతున్నాను.

ప్రశ్నలు ఏటా మారుతుంటాయి. జీవితానికి పనికొచ్చేవి అడగాలని పైవాళ్ళు అంటున్నారు. నేను కూడా కొంచెం ముందుచూపుతో, నిజంగా జరగగలిగేవి ఇస్తున్నాను. అంతకు మించి ఏమీ లేదు. శనివారం ఏ రైలుకీ ఎవరూ రావడం లేదు. ఆ రైలు కాగితం మీద రైలు. ఆ గొడుగు కాగితం మీద గొడుగు. మీరు స్టేషనుకి వెళ్ళాలని అనుకుంటున్నారేమో, దయచేసి వెళ్ళకండి. వాన పడేట్టుంది. మీ మోకాలు నొప్పి సంగతి పేయ్ చెప్పింది. ప్లాట్‌ఫారం జారుతుంది. పెద్దవారు, ఇంట్లో వెచ్చగా కూర్చుని టీ తాగండి.

మీ ఆరోగ్యం కోరే
లువో శూచిన్

తా.క. పీటర్ లేడు. ఒకవేళ ఉన్నా మీరనుకునేటంత చెడ్డవాడై ఉండడు. గడ్డం పెంచిన ప్రతివాడూ దొంగ కాడు కదా.

*

లువో టీచరమ్మ గారికి,

గడ్డం మాట నేను ఎత్తలేదు.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నావి కూడా గుర్తు చేసుకున్నాను. పిల్ల కాగితాల్లో లేదు, జియాన్ అనలేదు, క్వాంగ్ మనవడికి తెలియదు. పుట్టనివాడికి గడ్డం మొలిచిందంటే దాన్ని చూసినవాళ్ళు ఒకరు ఉండాలి. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ వరస. నాకిప్పుడు అంతా అర్థమైంది. మీరు మధ్యవర్తి! పరీక్ష అన్న నెపంతో ఆడపిల్లల చేత ఉత్తరాలు రాయించి ఆ గడ్డంవాడికి చేరవేస్తున్నారు!

శనివారం నేను స్టేషనుకి వెళుతున్నాను. పసుపు గొడుగు నేనే పట్టుకుంటాను. వీధి కమిటీ నుంచి నూ అక్కా, షెన్ వదినా జబ్బలకి కమిటీ ఎర్ర పట్టీలు కట్టుకుని వెంట వస్తున్నారు. వాళ్ళిద్దరికీ తెలిస్తే ఊరికి మైకు అక్కర్లేదు. గడ్డంవాడు రైలు దిగాడా, సోమవారం మా పిల్ల లియుయాంగ్ బస్సు ఎక్కుతుంది.

ఆ మాట పిల్లతో అన్నాను. "నేనేం చేశాను తాతా? పరీక్ష రాయనివ్వు తాతా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అది ఏడిస్తే నాకు ముద్ద దిగదు. అదంటే నాకు ప్రాణం. అందుకే భయం కూడా. గూడ్సు పెట్టెలో సరుకు పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. పిల్ల పోతే ఎక్కణ్ణించి తెచ్చుకోను?

ఇట్లు,
గొడుగు సిద్ధం చేసుకున్న
ఔయాంగ్ దెగుయ్

తా.క. గొడుగు నూ అక్కది. మీద బాతుపిల్ల బొమ్మ ఉంది. నా హోదాకి తగదు గానీ పట్టుకోక తప్పదు.

*

తాతగారికి,

తొందరలో రాస్తున్నాను, క్షమించండి.

నాకు తలనొప్పిగా ఉంది. శనివారం ఇల్లు కదలను. స్టేషను వైపు అసలే రాను. ఈ సంగతి మీకెందుకు చెబుతున్నానో నాకే తెలియదు. ఒక్కటి మాత్రం నమ్మండి. తప్పంటూ ఉంటే అది పేయ్‌ది కాదు. ఆ పిల్ల ఇచ్చిన ప్రశ్నకి జవాబు రాసింది, అంతే. నా మీద ఎంత కోపమున్నా సరే, దాన్ని మాత్రం పరీక్షకి దూరం చేయకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

లువో శూచిన్

తా.క. వెళ్ళక తప్పదంటే వెళ్ళండి. ఆ పసుపు గొడుగు ఒక్కటి వద్దు. నల్లది నా దగ్గరుంది, పేయ్ చేత పంపుతున్నాను.

*

అమ్మాయ్ శూచిన్,

ఇక నుంచి నిన్ను టీచరమ్మ గారూ అనలేను.

వాన పడింది. రైలు ఆలస్యమైంది. నువ్వు పంపిన నల్ల గొడుగు షెన్ వదినకిచ్చి, నేను ప్లాట్‌ఫారం కనిపించేలా దక్షిణ ద్వారంలో బాతుపిల్ల కింద నిలబడ్డాను. జనమంతా దిగిపోయాక చివరి పెట్టెలోంచి తాటిచెట్టంత మనిషి దిగాడు. గడ్డం ఉంది. నలుదిక్కులా చూసి, నవ్వుకుంటూ తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. గొడుగు కిందికి వంగి నా మొహం చూశాడు. పాపం, నవ్వు మొత్తం ఆరిపోయింది.

చెయ్యి పట్టుకున్నాను. "పీటరువి నువ్వేనా?" అన్నాను.

"కాదండీ, మాల్కమ్‌ని. చాంగ్‌షాలో పాఠాలు చెబుతాను. లువో శూచిన్ రాలేదా? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. మన భాషే, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. నూ అక్క పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నోట మాట లేకుండా నిలబడింది.

వానలో విచారణ ఏమిటని ఇంటికి తీసుకొచ్చాను. సంచీలోంచి సారా సీసాలు తీశాడు, జతగా. టీ డబ్బా తీశాడు. "గడియారం తేలేదండీ" అన్నాడు గర్వంగా. నాకు ఎక్కడో కలుక్కుమంది. ఎవరు చెప్పారయ్యా అంటే, "శూచిన్ రాసింది. ఎంత బాగా రాస్తుందో!" అని కళ్ళు మూసుకుని ఇంగ్లీషులో అప్పజెప్పడం మొదలుపెట్టాడు. వంటింట్లో మా పిల్ల గరిటె పడేసి పరిగెత్తుకొచ్చింది.

"తాతా! అది నా వ్యాసం! కారం గురించి రాసిందీ నాదే, గొడుగు గురించి రాసిందీ నాదే! పరీక్షకి అంటే రాశాను!"

అప్పుడు ఊడింది నీ సీలు. వ్యాకరణమంతా నీ దగ్గరుంది, మనసులో మాట రాయడం మాత్రం నీకు చేతకాలేదు. అందుకని క్లాసంతటికీ ప్రశ్న ఇచ్చి, బాగా రాసినవాళ్ళది ఏరుకుని, కింద లీ హువా కొట్టేసి నీ పేరు పెట్టుకున్నావు. నువ్వు మా పిల్లకి ప్రేమ నేర్పుతున్నావని నేను వీధులు పట్టి తిరిగాను. తీరా చూస్తే మా పిల్లే నీకు నేర్పుతోంది!

కోపం వచ్చింది. ఆ తర్వాత నవ్వు వచ్చింది. ఆ మనిషి ఇప్పుడు మా బల్ల దగ్గర ఊరమిరపకాయల కూర తింటున్నాడు. కళ్ళల్లోంచి, ముక్కులోంచి ధారలు. వద్దంటే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారని మా పిల్ల రాసిందట, మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంటున్నాడు. మంచివాడే. నాలాంటివాడు చెబుతున్నాడు కాబట్టి నమ్ము.

సోమవారం పిల్ల బడికే వస్తుంది. జూలైలో పరీక్ష రాస్తుంది. దాన్ని ఉత్తపుణ్యాన ఏడిపించాను, నాకు సిగ్గుగా ఉంది. నువ్వు మాత్రం తలనొప్పి చాలించి వెంటనే బయల్దేరి రా. ఎవరికీ చెప్పొద్దని నూ అక్కకీ, షెన్ వదినకీ గట్టిగా చెప్పాను. అంటే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఆలోపు నువ్వు ఇక్కడ ఉంటే, పెద్దల సమక్షంలో చూపులు జరిగాయని నేను చెప్పుకోగలను.

ఇట్లు,
పెళ్ళికూతురి తరఫు పెద్ద, తాత
ఔయాంగ్ దెగుయ్

తా.క. పిల్ల ఒక మాట రాయమంటోంది. 'నువ్వు వస్తున్నావని తెలిసినప్పటి నుంచి మా ఊరు నాకే కొత్తగా కనిపిస్తోంది' అని తను రాస్తే, నువ్వు దాని కింద ఎర్రగీత గీసి 'అనవసరం' అని మార్కులు కోశావట. మాల్కమ్‌కి అన్నిటికంటే బాగా కంఠతా వచ్చింది ఆ వాక్యమే. వచ్చేటప్పుడు ఆ మార్కులు పట్టుకురా.