ఆరుబయటి మొక్కలకు నీళ్ళు పోసింది తోటమాలి కాదు

ఔషధ మొక్కల పరిశోధనాలయం సంచాలకులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తోటమాలిపై నేనిచ్చిన ఫిర్యాదును రద్దుపరచి, అతనిని తిరిగి పనిలోకి తీసుకొనుట గురించి.

తమ ల్యాబులో ఆకులు నూరి, రసం తీసి పరీక్షించే సహాయకురాలినైన నేను తలవంచుకొని చేసుకొను మనవి ఏమనగా:

1. ఒకే జాతి ఔషధ మొక్కను కొంత ల్యాబులో సీసాల్లోనూ, కొంత ఆరుబయట మడిలోనూ పెంచుతున్న సంగతి తమకు విదితమే. ఎండనూ నీటి ఎద్దడినీ తట్టుకోవడానికి ఆకు తనలో కొన్ని ఎంజైములను పెంచుకుంటుంది. సీసాలో చల్లగా కూర్చున్న మొక్కకు ఆ అవసరం తక్కువ. ఆ తేడా ఎంతో కొలవడమే నా పని. అందుకే బయటి మడికి వాన నీరే తప్ప చెంబెడు నీళ్ళు కూడా పోయరాదని నియమం.

2. తీరా కొలిస్తే రెండూ ఒకేలా వచ్చాయి. మళ్ళీ కొలిచినా అంతే. వెళ్ళి చూస్తే మడిలో మట్టి తడిగా ఉంది. తోటమాలే పోసి ఉంటాడని, ఎవరినీ అడగకుండా నేనే తీర్మానించేసుకున్నాను.

3. సదరు తోటమాలిని ల్యాబులో అందరి ముందూ నిలబెట్టి కడిగేశాను. "నేను కాదమ్మా. మధ్యాహ్నంపూట మీ ఇంటి పెద్దావిడ మడి దగ్గర కనబడుతున్నారు" అన్నాడతను. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధాలకోరువన్నాను. చేసిన తప్పు మా అత్తగారి మీదికి నెడతావా అని నోటికొచ్చినట్టు అన్నాను. అదీ చాలక తమకు ఫిర్యాదు రాశాను. తమరు అతన్ని పనిలోంచి తీసేశారు.

4. నిన్న కళ్ళజోడు మరిచిపోయి మధ్యాహ్నం క్వార్టర్సుకు వెళ్ళాను. మడి మా పెరటి గోడ అవతలే. మా అత్తగారు ఎర్రటి ఎండలో తాను మాడిపోతూ, గొడుగు మాత్రం మొక్కలకు పట్టి నిలబడ్డారు. రెండో చేతిలో చెంబు. వాటితో ఏవో కబుర్లు కూడా చెబుతున్నారు.

5. ఇదేమిటండీ అంటే తెల్లబోయారు. "నీ ఉద్యోగం వీటి మీదే ఉందన్నావు కదమ్మా. కళ్ళముందు వాడిపోతుంటే చూస్తూ కూర్చోనా?" అన్నారు. తోటమాలి సంగతి చెప్పాక ఆవిడ అన్నం ముట్టలేదు. ఆవిడకు నేనంటే గిట్టదని ల్యాబంతా చెప్పుకు తిరిగినదాన్ని నేనే. ఈ అర్జీకి సంబంధం లేకపోయినా అదీ ఇక్కడే రాస్తున్నాను, ఇంకెక్కడ రాయను?

కావున తమరు దయతో తోటమాలిని వెంటనే పనిలోకి తీసుకొని, నా ఫలితాలను కొట్టివేసి, మడిని మొదటినుంచి వేయించవలసినదిగా ప్రార్థన. శిక్ష ఏదైనా ఉంటే అది నాకే. సిగ్గుతో రాసిన ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ల్యాబు సహాయకురాలు

తా.క.: ఇది పట్టుకుని ముందు తోటమాలి ఇంటికే వెళ్ళాను. తప్పయిందన్నాను. గుమ్మంలోనే నిలబడి విన్నాడు. "నాకొక్కడికి చెప్తే ఏం లాభమమ్మా? వాళ్ళందరి ముందూ అన్నారు కదా, అక్కడే చెప్పండి, వస్తాను" అన్నాడు. అయ్యా, అందరినీ ల్యాబుకు పిలిపించండి. తేదీ వేయకండి, ఇవాళే పిలిపించండి. రేపటిదాకా ఆగితే నాకు మళ్ళీ సాకులు దొరుకుతాయి.