అన్నయ్య చొక్కాలో

వదినకు,

మరిది నమస్కారాలు. ఇక్కడ నేనూ, నీ తోటికోడలూ, చిన్నదీ బాగున్నాం. అక్కడ నువ్వూ, బుల్లీ, అల్లుడూ కులాసా అని తలుస్తాను. బాగున్నామని ముందు రాయడం మన ఇంటి అలవాటు కాబట్టి రాశాను. నా మటుకు ఆ మాటలో నిజమెంతో చివరిదాకా చదివాక నువ్వే తేల్చు.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెబుతాను. నీ తోటికోడలి మోకాలు నెమ్మదించింది. నన్ను తిట్టడానికి పెరట్లోంచి వీధి గుమ్మం దాకా నడిచొస్తోంది, ఇంకేం కావాలి? బండలు కోసి పాలిష్ పట్టే మా షెడ్డులో అన్నయ్య చోటు ఇప్పుడు నాకిచ్చారు. మధ్యాహ్నం ఆయన వీపు ఆనించి కూర్చునే మేర గోడ ఇంకా నున్నగా, నల్లగా ఉంది. నేను దానికి ఆనుకోను. ఎందుకో ఆయన అక్కడే ఉన్నట్టుంటుంది.

నువ్విచ్చిన అన్నయ్య తెల్ల చొక్కా సరిపోయిందా అని అడిగావు. భుజాల దగ్గర కాస్త వదులు, మిగతాదంతా నాకే కుట్టించినట్టుంది. మొన్న పొద్దున దొడ్లో మొహం కడుక్కుంటుంటే దగ్గొచ్చింది. చిన్నది లోపలినుంచి పరిగెత్తుకొచ్చి, "పెదనాన్న వచ్చాడా?" అంది. నన్ను చూసి మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆయన పోయి ఏడాదయినా పిల్లకి ఆ దగ్గు గుర్తుంది. అదే దగ్గు వదినా, చివర్లో ఆ ఈలతో సహా.

ఇక అసలు సంగతి. ఇది మన వంశంలోనే ఉన్నట్టుందని డాక్టరు అన్నాడనీ, బుల్లిని కూడా ఎక్కడైనా చూపించమనీ పోయిన ఉత్తరంలో రాశాను. అప్పట్నించీ నీకు కంటిమీద కునుకు లేదనీ, కడుపుతో ఉన్న పిల్ల తుమ్మినా గుండె జారిపోతోందనీ రాశావు. అది చదివినప్పట్నించీ నాకు ముద్ద దిగడం లేదు. ఇంక దాచలేను.

అన్నయ్యని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన రోజు నీకు గుర్తుందిగా. పనిలోంచి అలాగే వచ్చేశాడు, కనుబొమ్మలతో సహా తెల్లగా. "ఆ బెంచీ మీద కూచోకు, దుమ్ము రాలుద్ది" అంది నర్సు. డాక్టరు ఆయన మొహం కూడా చూడకుండా మందులు రాశాడు. అన్నయ్య అన్నిటికీ "సరే సార్" అన్నాడు. బయటికొచ్చాక నువ్వు, "ఏం జబ్బో అడగడానికి నోరు పడిపోయిందా?" అని మండిపడ్డావు. నేనూ నీకే వత్తాసు పలికాను.

నా వంతు వచ్చినప్పుడు అలా కాకూడదనుకున్నాను. తలంటుకుని, గోళ్ళు తీసుకుని, ఆ తెల్ల చొక్కా వేసుకుని, జేబుకి పెన్ను తగిలించుకుని వెళ్ళాను. పెళ్ళిచూపులకి కూడా అంత ముస్తాబు కాలేదు. అదే బెంచీ, అదే నర్సు. "కూర్చోండి సార్" అంది. లోపల అన్నయ్యని చూసిన డాక్టరే ఉన్నాడు. "ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు.

"టీచర్నండి" అన్నాను.

ముందుగా అనుకున్నది కాదు వదినా. "అండీ" అన్న మనిషి ముందు రాతి పని అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్తే ఆ "అండీ" ఎక్కడ పోతుందో అని భయం. ఆయన నా కుర్చీ పక్కకి తన కుర్చీ లాక్కున్నాడు. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి, మచ్చలు ఎక్కడున్నాయో వేలితో చూపించాడు. చెడ్డవాడేం కాదు. అంత ఓపిగ్గా నాకు ఏ పెద్దమనిషీ ఏదీ చెప్పలేదు. "ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా?" అన్నాడు. అన్నయ్య ఇలాగే దగ్గి దగ్గి పోయాడన్నాను. "ఆయనేం చేసేవారు?" అన్నాడు.

ఆయనా టీచరేనని చెప్పేశాను. నీ మొగుణ్ణి చచ్చాక పంతుల్ని చేశాను వదినా, నన్ను క్షమించు. ఇద్దరు టీచర్లకి, అన్నదమ్ములకి, ఒకే జబ్బు వస్తే ఆ డాక్టరు మాత్రం ఏమనుకుంటాడు? వంశం అనుకున్నాడు. ఆ మాటే నేను నీకు రాశాను.

నీ ఉత్తరం చూశాక, నిజం చెప్పేద్దామని షెడ్డులోంచే, ఆ దుమ్ముతోనే, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. ఆ డాక్టరు నన్ను గుర్తుపట్టలేదు. దగ్గరకొచ్చి మాట్లాడి పట్టుమని నెల రోజులు కాలేదు. "బీడీలెన్ని తాగుతావ్?" అన్నాడు. తాగనంటే, "అందరూ చెప్పేదిదే" అన్నాడు. "రాళ్ళ పని సార్, మా అన్న కూడా..." అంటుండగానే ఇంకొకర్ని పిలిచాడు. చీటీ చేతిలో పెట్టి, "ఈ మందులు వాడు, తగ్గిపోద్ది" అన్నాడు.

"సరే సార్" అన్నాను. ఆ గొంతు నాది కాదు వదినా. వెనక్కి తిరిగి చూశాను, అన్నయ్య వచ్చి నిలబడ్డాడేమోనని. ఆ రోజు ఆయనకి నోరెందుకు రాలేదో అప్పుడు తెలిసింది. ఆయన్ని అనవసరంగా అన్నాం.

బుల్లి గురించి బెంగ పెట్టుకోకు. ఆ పిల్ల ఏనాడూ ఆ షెడ్డు గడప తొక్కలేదు. మన రక్తంలో ఏమీ లేదు. ఉన్నదల్లా అన్నయ్యా, నేనూ రోజూ పీల్చిన రాతి దుమ్ము. ఈ సంగతి నీ తోటికోడలికి ఇంకా చెప్పలేదు. నాకు భయంగా ఉంది. చిన్నది ఇంకా చిన్నది.

ఆ "టీచరు గారిని" ఈ సోమవారం మళ్ళీ రమ్మని డాక్టరు మొదటిసారి చూసినప్పుడే చెప్పాడు. వెళ్తాను. తెల్ల చొక్కాలోనే వెళ్తాను, అది వేసుకుంటేనే ఆయనకి నా మాట వినపడుతుంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాక, నేనూ మా అన్నయ్యా రాళ్ళు కోసేవాళ్ళమని చెప్పాలి. కానీ ఆయన మళ్ళీ "అండీ" అంటే నా నోరు ఏం చేస్తుందో నాకే నమ్మకం లేదు. అందుకని ఆదివారానికల్లా నువ్వు రా. ఊరికే నా పక్కన కూర్చో, చాలు. నువ్వు వింటుండగా అన్నయ్యని పంతులని అనలేను.

ఇట్లు,
ఆయన చొక్కా తొడుక్కున్న
నీ మరిది