రంగు కింద గోరు

అక్కకు,

ఇక్కడ నేనూ మీ మరిదీ కులాసా. అక్కడ నువ్వూ, బావా, చిట్టీ కూడా అంతేనని అనుకుంటున్నాను. ఈ రెండు ముక్కలు రాయడానికి మూడు కాగితాలు చింపాను. కులాసా అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతోంది. ఒంట్లో బాగానే ఉందిలే, కంగారుపడకు. మనసే ఒకచోట నిలవడం లేదు.

ఫోన్ ఎందుకు తీయడం లేదని కోప్పడ్డావు. తీస్తే నా గొంతు పట్టేసి "ఏమైందే?" అంటావు. ఆ ఒక్క మాటకి నేను ఏడ్చేస్తాను, చెప్పాల్సింది చెప్పలేను. అందుకే ఉత్తరం. ముందు నువ్వడిగిన గోళ్ళ సంగతి రాస్తాను, అసలు సంగతి ఆ తర్వాత.

ఉంగరాల షాపులో కౌంటర్ దగ్గర నిలబడేదానివి, వచ్చినవాళ్ళ కళ్ళన్నీ నీ వేళ్ళ మీదే ఉంటాయి. మీ ఓనరు నెలకోసారి మానిక్యూర్‌కి పంపిస్తున్నాడంటే మంచిదే. కానీ పది రోజులకే చివర్లు పొరలు పొరలుగా లేస్తున్నాయన్నావే, నువ్వేం చేస్తున్నావో నాకిక్కడినుంచే కనిపిస్తోంది. రంపంతో చెక్క కోసినట్టు, గోళ్ళు అరగదీసే ఫైల్‌ని అటూ ఇటూ రుద్దేస్తున్నావు. అలా కాదు. అంచు నుంచి మధ్యకి, ఒకే వైపుకి, నెమ్మదిగా. గోళ్ళు తడిగా ఉన్నప్పుడు ఫైల్ ముట్టుకోకు. గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకో, బావ నవ్వితే ఆయన్నే తోమమను. డబ్బా మూతలు, పార్సెల్ టేపులు గోళ్ళతో పీకడం మానెయ్యి. చిన్నప్పట్నుంచీ నీకు స్క్రూడ్రైవర్ కూడా గోరే.

గోరు మొదట్లో ఉండే పల్చటి చర్మం కత్తిరించుకోవచ్చా అని అడిగావు. వద్దు. అది గోటికి తలుపులాంటిది. ఇంట్లో కత్తిరించుకుంటే గోరుచుట్టు లేస్తుంది, ఇక వారం రోజులు వేలు పట్టుకుని గెంతుతావు. స్నానం చేశాక అది మెత్తబడి ఉంటుంది, తువ్వాలు అంచుతో కొంచెం వెనక్కి నెట్టు, చాలు. పడుకోబోయే ముందు గోటికో చుక్క బాదం నూనె. రంగు లేస్తోంది కదా అని గోకి లాగకు, గోటి పైపొర కూడా ఊడొస్తుంది. రంగు తీసేశాక వెంటనే కొత్తది వేసుకోకు. రెండు రోజులు ఉత్తిగా వదిలెయ్యి. కిటికీ దగ్గర పగటి వెలుతురులో పదింటినీ ఒక్కొక్కటిగా చూసుకో. ఇది మాత్రం దాటెయ్యకు అక్కా.

ఇక్కడిదాకా రాసి, లేచి వెళ్ళి రెండు గదులూ ఊడ్చి వచ్చాను. పొద్దున ఊడ్చినవే. మీ మరిది తలుపు దగ్గర నిలబడి, "నిన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశావు, ఇవాళ ఇల్లు రెండుసార్లు ఊడుస్తున్నావు, ఏమైంది నీకు?" అన్నాడు. ఏం లేదన్నాను.

నీ ఉత్తరంలో చివర రాశావు కదా, "నా చెల్లెలు ఒక ప్రాణం కాపాడిందని షాపులో అందరికీ చెప్పుకున్నాను" అని. మీ మరిది నీకు ఫోన్లో చెప్పిన కథ అది. అందులో అబద్ధం లేదు, కానీ సగమే ఉంది. మొదట్నుంచీ చెప్తాను.

పార్లర్‌లో నా దగ్గరికి ప్రతి నెలా ఒక డ్రైవరమ్మ గోళ్ళకి రంగు వేయించుకోవడానికి వచ్చేది. యాభై దాటిన మనిషి. పద్నాలుగో నంబరు బస్సు నడుపుతుంది. అరచేతుల నిండా కాయలు. "రోజంతా స్టీరింగు మీద నాకు కనిపించేవి ఈ చేతులే పిల్లా, వీటినన్నా ముస్తాబు చెయ్యి" అనేది. ఎప్పుడూ మెరూన్ రంగే. ఎంతమంది అమ్మాయిలు ఖాళీగా ఉన్నా నా కుర్చీ కోసమే ఆగేది.

ఒక నెల పాత రంగు తుడిస్తే ఎడమ బొటనవేలి గోటి మీద నిలువుగా ఒక నల్ల గీత కనిపించింది. పెన్సిలుతో గీసినంత సన్నం. మెరూన్ రెండు పూతలు వేశాను, మాయమైపోయింది. మరుసటి నెలకి అది అగ్గిపుల్లంత వెడల్పైంది. లోపలికి వెళ్ళి మా మేడమ్‌ని అడిగాను. "మనం డాక్టర్లం కాదు, కస్టమర్లని బెదరగొట్టకు" అంది. మళ్ళీ రంగు వేసి పంపించాను. ఆ పైనెల ఆవిడ రాలేదు.

ఇక నాకు కాళ్ళు నిలవలేదు. పార్లర్ అద్దాల్లోంచి బస్సు కనిపిస్తే చాలు, చేతిలో ఉన్న కస్టమర్ వేలు వదిలేసి నంబరు చూసేదాన్ని. సెలవు రోజున బస్టాండుకి వెళ్ళి పద్నాలుగో నంబరు బస్సులు మూడు వదిలేశాక నాలుగో దాంట్లో ఆవిడ కనిపించింది. ఎక్కి, వెనక సీట్లో కూర్చుని, చివరి స్టాపు దాకా వెళ్ళాను. అందరూ దిగాక ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావు?"

"మీరు రాలేదని..."

"శనివారం డ్యూటీ పడుతోంది. దానికి ఇంత దూరం వచ్చావా?"

బ్యాగులోంచి రంగు తుడిచే రిమూవరూ దూదీ తీసి, చెయ్యి ఇమ్మన్నాను. ఆ బొటనవేలు ఒక్కటే తుడిచాను. నలుపు గోరు దాటి, మొదట్లో చర్మం మీదకి వచ్చేసింది. "రేపే డాక్టరుకి చూపించుకోండమ్మా" అన్నాను. ఆవిడ నా మొహం చూసి, మర్నాడే వెళ్ళింది.

డాక్టర్లు అక్కడ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరే అన్నారు. లోతుకి దిగకముందే దొరికిందట. గోరు, దాని కింద కండ తీసేసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. వేలు మిగిలింది, ఆ వేలికి ఇక గోరు రాదు. కట్టుతోనే పార్లర్‌కి వచ్చి, అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ పిల్ల లేకపోతే నేను లేను" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా మేడమ్ ఫోటో తీయించి గోడకి తగిలించింది. బెదరగొట్టకు అన్న మేడమే.

మీ మరిది ఇక్కడితో ఆపాడు, ఎందుకంటే ఆయనకి తెలిసింది ఇంతే.

అక్కా, మొదటి నెల ఆ గీత చూసి నేను ఊరికే రంగు వేసెయ్యలేదు. ఆవిడ నన్ను అడిగింది. "ఇదేంటి పిల్లా?" అని వేలు నా మొహం ముందు పెట్టి అడిగింది. అలాంటిది కనిపిస్తే డాక్టరు దగ్గరికి పంపాలని మాకు క్లాసులో చెప్పారు, నాకు గుర్తుంది కూడా. కానీ వెనక ఇద్దరు గడియారం చూస్తూ కూర్చున్నారు. "ఏం కాదమ్మా, తలుపులో నలిగి ఉంటుంది" అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో నాకే తెలీదు.

చప్పట్లు ఆగాక ఆవిడ వెళ్ళిపోతుంటే వెనకే పరుగెత్తాను. రోడ్డు మీదే చెప్పేశాను. "మొదటిసారి మీరు అడిగారు, నేను ఏం కాదన్నాను."

ఆవిడ ఆగి, నా వైపు తిరిగింది. "నాకు గుర్తుంది పిల్లా. నీకు గుర్తుందో లేదో తెలీలేదు. ఆ రోజు మా ఆయన డాక్టరుకి చూపించుకోమన్నాడు. పార్లర్ పిల్ల ఏం కాదంది కదా అని నేనే కొట్టిపారేశాను." అని బస్సెక్కేసింది.

మీ షాపులో నువ్వు ఎవరెవరికి చెప్పావో వాళ్ళకి ఈ సగం కూడా చెప్పు. నువ్వు చెప్పలేకపోతే ఈ ఉత్తరమే చదివి వినిపించు. గోడ మీద ఫోటో నేనే తీసేశాను. మేడమ్ మూతి ముడుచుకుంది. ఇప్పుడు ఎవరొచ్చినా రంగు తుడిచి, కుర్చీ కిటికీ దగ్గరికి లాగి, పది గోళ్ళూ చూశాకే బ్రష్ ముట్టుకుంటున్నాను. ఆలస్యం అవుతోందని సణుగుతున్నారు. సణగనీ.

ఇవాళ మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. నన్ను దాటి వెళ్ళి పక్కమ్మాయి కుర్చీలో కూర్చుంది. నా చేతిలో దూది అలాగే ఉంది. పక్కమ్మాయి పాత రంగు తుడవడం అయింది, మెరూన్ సీసా మూత తీసింది. అప్పుడు ఆవిడ తల తిప్పకుండానే, "ఆగు. ముందు ఆ పిల్ల చూడాలి" అంది. నన్నే.

వెళ్ళి తొమ్మిది గోళ్ళూ చూశాను. కుడి చేతి ఉంగరపు వేలు గోటి మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ ఉంది.

"ఇదేంటి?" అంది. అదే గొంతు.

నా వెనక ముగ్గురు కూర్చుని ఉన్నారు. "నాకు తెలీదమ్మా" అన్నాను. "మీ డాక్టరునే అడగండి."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కమ్మాయితో, "ఇవాళ రంగు వద్దులే. రేపు డాక్టరుకి ఇలాగే చూపిస్తాను" అని లేచింది. తలుపు దగ్గర ఆగి, "వచ్చే నెల నీ కుర్చీ కిటికీ పక్కనే ఉంచు" అంది నాతో. కోపం పోయిందో లేదో ఆ గొంతులో నాకు తెలియలేదు.

ఇట్లు,
నువ్వు అనుకున్నంత మంచిది కాని
నీ చెల్లి